ఎక్కడుంటోందని అడిగినప్పుడు

“...నేదమ్మలూ, ఆగు. ‘తెలీక’ అని రాసీసావేటి? నానలాగ సెప్పనేదు. ఆ మాట కొట్టీ.”

“నువ్వు సెప్పిందాన్ని బట్టి అలాగే ఒచ్చింది తాతా.”

“ఒచ్చినా ఉంచకు. గీత గట్టిగా గియ్యి. ఏదీ, సూపించు... ఆఁ. ఇప్పుడు మొదట్నుంచీ రాయి. నా యాస రాయక్కర్నేదు, నీ బడి తెలుగులో రాసుకో. మీ అమ్మకి అదే అలవాటు. అర్థం మాత్రం మెత్తన సెయ్యకు.”

గ్లోరీ, ఇది మీ అమ్మకి నేను చెప్పాల్సిన మాట. మీ అమ్మ ఇప్పుడు విశాఖపట్నంలో యూనివర్సిటీ హాస్టల్లో ఉంది. రేపు పొద్దున్న పదకొండింటికి తన గైడు మేడమ్‌ని కలిసి, నెదర్లాండ్స్ వెళ్ళడం లేదని చెప్పేస్తుంది. పాస్‌పోర్టు ఉంది, వీసా వచ్చింది, అక్కడి ప్రొఫెసరు పిలిచిన ఉత్తరం ఉంది. మూడు నెలలు అక్కడి ల్యాబులో మన ఉద్దానం నీళ్ళు, ఊరూరా కిడ్నీలు పోతున్నది వీటివల్లేనా అని, పరీక్ష చేసుకుని రావడమే మిగిలింది. అది వదిలేస్తుంది. ఎందుకంటే నాకు కిడ్నీలు పోయాయి.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి భోజనాలు చేస్తున్నప్పుడు మీ నాన్న అన్న మాట నువ్వూ విన్నావు. “మూడు నెల్లంటే మాటలా? నాన్నకిప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎవులు తిప్పుతారు?” అప్పుడు మీ అమ్మ నా గ్లాసు కడుగుతోంది. నాకు రోజంతటికీ కొలిచి నీళ్ళు పోసే ఆ చిన్న గ్లాసు. కుళాయి కట్టేసి, “సరే, వెళ్ళను” అంది. అంతే. మళ్ళీ కుళాయి తిప్పుకుంది. మీ నాన్న మజ్జిగ పోసుకున్నాడు. నువ్వు కంచంలోకి చూస్తూ కూర్చున్నావు. నేను మాత్రం ఆ చెయ్యి చూశాను. ఏడేళ్ళ కిందట కూడా ఆ చెయ్యి అలాగే, ఏమీ జరగనట్టే, పని అందుకుంది. అప్పుడు ఆమెను ఆపింది రోగం కాదు.

అప్పటికి నీకు పదకొండేళ్ళు. నువ్వు కడుపులో ఉండగా మీ అమ్మ బీటెక్ ఆఖరి పరీక్షలు రాసింది. నీకు తొమ్మిదేళ్ళు వచ్చాక టెక్కలి కాలేజీలో ఎంటెక్‌లో చేరింది. చేరుతుంటే నేను అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పకపోవడమే పెద్ద గొప్ప అనుకున్నాను. నా ఎరికలో కోడల్ని కాలేజీకి పంపిన మామ లేడు మన చుట్టుపక్కల. చర్చిలో ఎవరైనా అడిగితే, “మేం సదివిత్తన్నాం” అనేవాణ్ని. మేం చదివించడమేమిటి? నాలుగింటికి లేచి, మీ నాయనమ్మకి ఉప్పు లేకుండా ఒక కూర, మాకు ఉప్పుతో ఒక కూర వండి, నీకు జడ వేసి, నాకు వేణ్ణీళ్ళు తోడి, మీ నాన్నకి ఫ్యాక్టరీకి క్యారేజీ కట్టి, ఏడున్నర బస్సుకి పలాస పరుగెత్తేది ఆమె. సాయంత్రం వచ్చాక జీడి అంటకుండా చేతులకి బూడిద రాసుకుని జీడిపిక్కలు కొట్టేది కూడా ఆమే. ఆ పిక్కలు మీ నాయనమ్మ దోర్కాసు పని. దోర్కాసు కిడ్నీలు పోయి మంచాన పడ్డాక ఆ పని కోడలికి ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో, నాకు తెలీదు. ఎవరూ మార్చలేదు. పని అక్కడుంది, ఆమె అక్కడుంది. అంతే అనుకున్నాం.

ఆదివారాలు మధ్యాహ్నం ఆమె ఊళ్ళు తిరిగి బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చేది. కవిటి, వజ్రపుకొత్తూరు, తన పుట్టిల్లు అక్కుపల్లి. సీసా సీసాకీ పేరు రాసి అతికించి నా మంచం కిందే వరసగా పెట్టేది, ఎండ తగలకూడదని. మీ నాయనమ్మ నవ్వేది. “మన కోడలు సారా యాపారం పెట్టింది, సర్చి సంగ పెద్ద మంచం కిందే” అనేది. మీ నాన్న నవ్వేవాడు కాదు. “ఉద్దానం నీళ్ళు ఉద్దానంలో ఉంటాయి. ఆటికోసం ఆ దేశమెల్తావేటి?” అన్నాడు ఒకరోజు. మీ అమ్మ పిక్కలు కొడుతూనే చెప్పింది. “అక్కడ సూసే మిషనుంది. ఇక్కడ తాగే మనుషులున్నారు. రెండూ ఒక్కకాడ లేవు కదా.” ఆ మాటకి నేను లోపల మెచ్చుకున్నాను. పైకి మాత్రం, “మొగుడికి ఎదురు సెప్పకమ్మా” అన్నాను.

నెదర్లాండ్స్ అంటే సముద్రం కంటే పల్లంలో ఉన్న దేశమట. నీళ్ళని గట్లు కట్టి ఆపుకుంటారట. అక్కడి ప్రొఫెసరు అప్పుడు కూడా మూడు నెలలకి రమ్మని ఉత్తరం రాసింది. ఆమె మన సీసాల గురించి చదివింది. ఆ ఉత్తరం వచ్చిన రోజున మీ అమ్మ నాకూ మీ నాయనమ్మకీ దాన్ని తెలుగులో చదివి వినిపించింది. చదువుతుంటే గొంతు పెద్దదైంది. మన ఇంట్లో ఆమె గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. అదే ఆఖరు కూడా.

అప్పటి నుంచి కాగితాలు మొదలయ్యాయి. ఆ దేశం వాళ్ళు అడిగినవి ఆరు కాగితాలు. కాలేజీ ఒప్పుకున్నట్టు ఒకటి, గైడు రాసింది ఒకటి, ఇన్సూరెన్సు, ఇంకేవో. అన్నింటికంటే ముందు పాస్‌పోర్టు. దానికి విశాఖపట్నం వెళ్తే అక్కడి మిషను ఆమె వేళ్ళు పట్టలేదు. జీడి రసానికి వేలి గీతలన్నీ కాలిపోయి ఉన్నాయి. ఇంజినీరింగు చదువుతున్న మనిషి చేతులిలా ఉన్నాయేమని అక్కడివాళ్ళు అడిగారట. వెనక్కి పంపేశారు. రెండు వారాలు పిక్కలు ముట్టుకోకుండా, వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ రెండు వారాలూ పిక్కలు ఎవరు కొట్టారనుకున్నావు? ఎవరూ కొట్టలేదు. బస్తా అలాగే ఉండిపోయింది. నేను దాని పక్కనే కూర్చుని చుట్ట కాల్చుకున్నాను. రెండోసారి ఎనిమిది వేళ్ళు పడ్డాయి. ఆ సంతోషం చూడాలి. పది వేళ్ళూ ముఖం ముందు పెట్టుకుని, “అత్తయ్యా, ఎనిమిది బతికాయి” అని నవ్వింది.

ఆ దేశానివి ఆరు కాగితాలైతే, మన ఇంటికి ఆమె రాసిన కాగితాలు ఎన్నో లెక్క లేదు. తను లేని తొంభై రోజులకీ ఇల్లు ఎలా నడవాలో రాసి వంటింటి తలుపు వెనక అతికించింది. బుధవారం, శనివారం అత్తయ్యతో పలాస డయాలసిస్‌కి రత్నాలమ్మ పిన్ని వెళ్తుంది. అత్తయ్యకి కూరగాయలు తరిగి రెండు గంటలు నీళ్ళలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబొయ్యాలి. గ్లోరీకి ముందురోజే జడ వేసెయ్యాలి, పొద్దున్న ఏడుస్తుంది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. నీకు తెలుసు కదా, మూడో తరగతి చదువు నాది. ఒకచోట నా పేరు కనబడింది. “మావయ్యకి పన్ను నొప్పి వస్తే చెప్పరు. అన్నం ఎడం వైపు నములుతుంటే నొప్పి ఉన్నట్టు. లవంగాల డబ్బా మూడో అరలో.” అమ్మలూ, నేను ఎటువైపు నములుతానో నాకే తెలీదు. డెబ్బయ్యేళ్ళు బతికాను, ఒక్క మనిషిని అంత దగ్గరగా చూడలేదు నేను. మీ నాయనమ్మని కూడా. ఆ కాగితం చదివిన రోజునే నాకు భయం వేసింది. కృతజ్ఞత పుట్టాల్సిన చోట భయం పుట్టింది. ఈ మనిషి లేకపోతే నేను ఎటు నములుతున్నానో చూసేదెవరు?

ఒక శనివారం నేను కూడా డయాలసిస్‌కి వెళ్ళాను. మీ నాయనమ్మ మంచం మీద, మీ అమ్మ పక్కన స్టూలు మీద. నేను తెర అవతల బెంచీ మీద కునుకుతున్నాననుకుని ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. మీ అమ్మ అంది. “అత్తయ్యా, నా బయ్యం ఏటంటే, అక్కడ ఉండలేనని కాదు. అక్కడ పొద్దున్న లేచాక ఏటి సెయ్యాలో తెలీదేమోనని. ఇక్కడ నేను కళ్ళు తెరిచేసరికి ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కావాలి కదా. పెళ్ళికి ముందు మా అమ్మకి, తర్వాత ఇక్కడ. నా ఒంట్లో గడియారమే అలా తయారైపోయింది. టెక్కలి బస్సులో ఆ ముప్పావుగంట తప్ప నేనెవరినో నాకు గుర్తుండదు. ఎవరికీ ఏమీ అక్కర్లేని పొద్దు ఎలాగుంటాదో ఒక్కసారి సూడాలనుంది.”

మీ నాయనమ్మ తిరుగుతున్న మిషను కేసి చూసింది. తర్వాత అంది. “నాను సూడనేదు. నువ్వెల్లి సూసొచ్చి నాకు సెప్పు.”

ఆ మాట విన్నవాణ్ని నేను. మా ఇంటి ఇద్దరు ఆడాళ్ళ మధ్య జరిగిన ఆ ఒప్పందం నాకు తెలుసు. ఇది ముఖ్యం, దీని కింద గీత గియ్యి. తెలుసు.

ఇప్పుడు కానిస్టేబులు సంగతి.

బుధవారం. మీ అమ్మ మీ నాయనమ్మని తీసుకుని పలాస వెళ్ళింది. నువ్వు బడిలో, మీ నాన్న ఫ్యాక్టరీలో. నేను అరుగు మీద కూర్చున్నాను. పక్కన మీ అమ్మ మూత పెట్టి వెళ్ళిన గంజి. పదకొండు గంటల వేళ బండి మీద వచ్చాడు. కుర్రాడు, మర్యాదగా మాట్లాడాడు. “తాతగారూ, రెబెక్కా గారు మీ కోడలేనా? ఇక్కడే ఉంటున్నారా? పాస్‌పోర్టు ఎంక్వయిరీ” అన్నాడు.

ఉంటోందని ఒక్క మాట చాలు. తీగ మీద ఆమె చున్నీ ఆరుతోంది, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. నా మంచం కింద సీసాల మీద ఆమె చేతిరాత ఉంది. నేను నోరు తెరిచేలోపు నా కళ్ళ ముందు తొంభై పొద్దులు తిరిగాయి. వేణ్ణీళ్ళు లేని పొద్దులు. దోర్కాసుని నేనే ఆటో ఎక్కించే పొద్దులు. చర్చిలో, “కోడలు దేశం ఎల్లిపోయిందట, నువ్వే వండుతున్నావటేటి ఫిలిప్పూ” అని నవ్వే మొహాలు. వెళ్ళినామె తిరిగి రాదేమోనని కూడా. అక్కడ ఎవరికీ ఏమీ అక్కర్లేని పొద్దు చూశాక, ఇక్కడికి ఎందుకు వస్తుంది?

“నేదు బాబూ” అన్నాను. “ఆయమ్మ ఇక్కడ ఉండదు. అక్కుపల్లిలో ఉంటాది, పుట్టింటికాడ.”

“ఎన్నాళ్ళయింది?”

“శానా నెల్లయింది.”

ఆ కుర్రాడు తీగ మీది చున్నీ కేసి చూశాడు. నా కేసి చూశాడు. ముసలివాణ్ని, తెల్ల చొక్కా, మెడలో చర్చి పండగనాటి కండువా. నమ్మాడు. కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు. నా సంతకం నీకు తెలుసు, మూడక్షరాలు, ఒక్కోటీ కూడదీసుకుని పెడతాను. ‘ఫి’ రాశాక ఆగొచ్చు. ‘లి’ రాశాక ఆగొచ్చు. ఆఖరి అక్షరానికి ఒత్తు పెట్టేదాకా నేను ఆగలేదు.

“తాతా... నువ్వు తెలిసే అన్నావా? పోలీసుకి బయపడి కాదా?”

“రాయమ్మలూ.”

“మరి అమ్మ ఎప్పుడూ...”

“మీ అమ్మ ఏటన్నదో అదీ సెప్తాను. కలం పట్టుకో. నువ్వాగిపోతే నానూ ఆగిపోతాను. మళ్ళీ సెప్పనేను.”

ఆ రోజు నా మనసుకి నేను చెప్పుకున్న సాకు కూడా రాయి. మన బాప్టిస్టు సంఘాల్లో పద్ధతి ఒకటుంది. పిల్ల పెళ్ళయి వేరే ఊరు వస్తే, పుట్టింటి సంఘం ఉత్తరం రాసి ఇవ్వాలి, ఈ పిల్ల ఇక మీది అని. అది వస్తేనే మన సంఘం పుస్తకంలో పేరు ఎక్కుతుంది. పేరు ఎక్కినవాళ్ళకే సంఘం మీటింగులో చెయ్యెత్తే హక్కు. మీ అమ్మ పెళ్ళప్పుడు ఏ పాస్టరు పెళ్ళి చెయ్యాలని అక్కుపల్లి పెద్దలకీ నాకూ మాటా మాటా వచ్చింది. ఆ ఉత్తరం తేవలసింది నేను, పెద్దని కదా. పంతానికి తేలేదు. మీ అమ్మ రెండుసార్లు అడిగింది. “మావయ్యా, ఆ ఉత్తరం...” “తెద్దాంలేమ్మా.” పదమూడేళ్ళు ఆమె మన చర్చిలో పిల్లలకి పాటలు నేర్పింది, పండగలకి సంఘమంతటికీ వండింది, మీటింగు అయినప్పుడు మాత్రం బయట మెట్ల మీద కూర్చుంది. పుస్తకంలో ఆమె ఇంకా అక్కుపల్లి మనిషే. కానిస్టేబులు వెళ్ళిపోయాక నేను అనుకున్నాను, నేనేం అబద్ధం ఆడలేదు, దేవుడి పుస్తకంలో ఉన్నదే చెప్పాను అని. నా పంతం వల్ల రాని పేరుని నా అబద్ధానికి సాక్షిగా పెట్టుకున్నాను. ఆ సాయంత్రం ప్రార్థన కూడా నేనే చేశాను. మీ అమ్మ ఆమెన్ అంది.

నెలయ్యాక తెలిసింది, ఆ అడ్రసులో మనిషి లేదని రిపోర్టు వెళ్ళిందని. మీ అమ్మ శ్రీకాకుళం తిరిగింది, విశాఖపట్నం తిరిగింది. మళ్ళీ ఎంక్వయిరీ, మళ్ళీ కాగితాలు. ఆ దేశం వాళ్ళ మూడు నెలలకి ఒక తేదీ ఉంటుంది, అది దాటితే ఆ చోటు ఇంకొకరిది. దాటింది. తిరిగి తిరిగి వచ్చిన రోజున నన్ను అడిగింది. “మావయ్యా, పోలీసు వచ్చినప్పుడు మీరే ఉన్నారట. ఏటడిగాడు?”

“ఏదో అడిగినాడమ్మా. నాకు సరిగ్గా ఇనబడనేదు” అన్నాను.

అది రెండో అబద్ధం. మొదటిది భయానికి ఆడాను. రెండోది ఆమె ముఖంలోకి చూస్తూ ఆడాను.

మీ నాన్న నా మీద కేకలేశాడు. పెళ్ళాం వెళ్ళలేకపోయిందని కాదు, తిరుగుళ్ళన్నీ వృథా అయ్యాయని. మీ అమ్మ అడ్డొచ్చింది. “ఆయన్ని అనకండి. సదువు లేని మనిషి. పోలీసుని సూసి బెదిరుంటారు” అంది. ఆ మాట కింద నేను ఏడేళ్ళు దాక్కున్నాను గ్లోరీ. చదువు లేనివాడికి అంత నీడ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. చదువుకున్న ఆమెకి మాత్రం మన ఇంట్లో నీడ లేదు.

ఆ సాయంత్రం ఆమె ఏడవలేదు. బియ్యం కడిగింది. దుంపలు తరిగి నానబెట్టింది. తలుపు వెనక కాగితాలన్నీ ఊడదీసి, చింపెయ్యకుండా, నీ ఆరో తరగతి పుస్తకాలకి అట్టలు వేసింది, రాత లోపలికి వచ్చేలా. నీకు గుర్తుందో లేదో. నువ్వు ఆ ఏడంతా అవే మోసుకుని బడికి వెళ్ళావు. ఆ రాత్రి నుంచి పిక్కల బస్తా మళ్ళీ ఖాళీ అవడం మొదలైంది. వారానికి చేతులు మళ్ళీ నల్లబడ్డాయి.

మీ నాయనమ్మకి మాత్రం చెప్పాను. దాచలేకపోయాను. “నీకోసమే సేసినాను. నిన్నెవులు సూత్తారు?” అన్నాను. దోర్కాసు పక్కకి తిరిగి పడుకుంది. గోడకేసి చూస్తూనే అంది. “నాకోసమని నా పేరెట్టకు. నాను ఎల్లమన్నాను. నీ వేణ్ణీళ్ళ కోసం సేసినావు. నా మంచం కాలికి ఆ పిల్లని కట్టీసినావు. నాను సచ్చీలోపు దానికి సెప్పు.” రెండేళ్ళు బతికింది ఆ తర్వాత. వారానికోసారైనా నా కేసి చూసేది, చెప్పావా అన్నట్టు. నేను చుట్ట వెలిగించుకునేవాణ్ని. ఆమె సమాధి మీద రాయి వేయించాను. చెప్పమన్న మాట మాత్రం చెప్పలేదు.

తర్వాత మీ అమ్మ టెక్కలిలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీలో చేరింది. సీసాలు ఆపలేదు. ఆ ప్రొఫెసరు మళ్ళీ పిలిస్తే మళ్ళీ పాస్‌పోర్టుకి పెట్టుకుంది. నిరుడు మళ్ళీ కానిస్టేబులు వచ్చాడు, వేరే అతను. ఈసారి చెప్పి పాపం కడుక్కుందామని నేను అరుగు మీంచి లేచాను. నేను లేచేలోపే మీ అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “నేనే రెబెక్కాని. ఇది నా ఇల్లు. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను” అంది. నా సాక్ష్యం ఎవరూ అడగలేదు. మళ్ళీ కూర్చున్నాను.

నాలుగు నెలల నుంచి పలాస డయాలసిస్‌లో నేనే ఆ మంచం మీద ఉన్నాను. దోర్కాసు పడుకున్న గదే. పక్క మంచం కవిటి సన్యాసిది. అతని పెళ్ళాం రాజులమ్మ తలుపు దగ్గర టిఫిను డబ్బాతో కూర్చుంటుంది. మొన్న అంటోంది. “ఈయనకి నాలుగ్గంటలే మిషను. నాకు ఇరవై నాలుగ్గంటలు, సూదొక్కటే నేదు.” సన్యాసి, “ఇదిగో, మొదలెట్టింది” అన్నాడు. అందరూ నవ్వారు. నేను గుమ్మం బయటికి చూశాను. మెట్ల నిండా ఆడవాళ్ళే. పెళ్ళాలు, కూతుళ్ళు, కోడళ్ళు. లోపల మగ రోగులకీ వాళ్ళే, ఆడ రోగులకీ వాళ్ళే. అందరిలో మీ అమ్మ, ఒళ్ళో ల్యాప్‌టాపు పెట్టుకుని, గంటకోసారి లేచి నా కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ. ఆ చేతులతో. అప్పుడు నాకు మిషను నొప్పి తెలియలేదు. ఇంకోటి తెలిసింది.

అందుకని ఆదివారం ఆమె “సరే, వెళ్ళను” అన్నాక నేను నిద్రపోలేదు. సోమవారం, మీ అమ్మ విశాఖపట్నం వెళ్ళాక, మీ నాన్నకి మొత్తం చెప్పేశాను. వాడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడి నుంచి పిలిచాడు. “నాన్నా, కూరగాయలు నానబెట్టే గిన్నె ఏది?”

“నాకేటి తెలుసురా” అన్నాను.

ఇరవయ్యేళ్ళు ఆ వంటింట్లో వండిన అన్నం తిన్నాం. ఇద్దరం ఒక గిన్నె వెతకలేక నిలబడ్డాం. ఆఖరికి మీ నాన్న బకెట్లో నానబెట్టాడు బంగాళాదుంపల్ని. తరగకుండా. నువ్వు కాలేజీ నుంచి వచ్చి నవ్వావు, గుర్తుందా? మేం ఎందుకు నవ్వలేదో ఇప్పుడు తెలిసింది కదా.

ఈ మాట కూడా రాయి. సోమవారం, శుక్రవారం బాబీ ఆటోలో నేను ఒక్కణ్నే వెళ్తాను, అతనితో మాట్లాడుకున్నాను. బుధవారం మీ నాన్న సెలవు పెడతాడు, పెట్టకపోతే నేను ఊరుకోను. నువ్వు కాలేజీ మానడానికి వీల్లేదు. మీ అమ్మ ఖాళీ చేసిన చోట నిన్ను కూర్చోబెట్టడానికి కాదు ఇదంతా. నా గ్లాసు నేనే కొలుచుకుంటాను. ఏ రోజైనా ఒక గుక్క ఎక్కువ తాగితే ఆ తప్పు నాది, మీ అమ్మ ప్రయాణానిది కాదు.

నన్ను క్షమించమని ఇందులో రాయకు. అది అడిగితే ఇంకో పని చెప్పినట్టే ఆమెకి. ఇప్పటికే చాలా చెప్పాం. వెళ్ళమని కూడా రాయకు. వెళ్ళడానికీ, ఉండడానికీ నేను చెప్పేదేమిటి? ఒక్కటే రాయి. ఆమె ఆగిపోతోంది ఒక అమాయకపు ముసలివాడి కోసమని అనుకుంటోంది. ఆ ముసలివాడు లేడు. ఏడేళ్ళ కిందట అరుగు మీద కూర్చుని మూడక్షరాలు నెమ్మదిగా రాసినవాడు ఉన్నాడు. ఎవరి కోసం ఆగుతోందో తెలిసి, అప్పుడు ఆగాలనిపిస్తే ఆగమను.

“అయిపోయిందా తాతా?”

“అయిపోయింది. ఏదీ, కిందన సంతకం ఎడతాను. సెయ్యి పట్టకు, నానే ఎడతాను... ఫి... లి... ఉండు, ఒత్తు ఎట్టాల... ఆఁ. ఇప్పుడు ఫోన్ సెయ్యి మీ అమ్మకి. రేపు పదకొండు కాకముందే ఇనాల. మొత్తం సదువు. ‘తాత బాగున్నాడా, మందులేసుకున్నాడా’ అని మజ్జలో అడుగుతాది సూడు, దానికి జవాబు సెప్పకు. సదువుతూనే ఉండు.”